పెరట్లో గ్యాస్ కొలిమి

విజయవాడ పక్కన కానూరులో మా ఇంటి వెనక మూడు వైపులా తెరిచి ఉండే రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఒకప్పుడు అందులో గేదెలు కట్టేసేవాళ్ళం. గేదెలు పోయాక పాత సామాను చేరింది. ఇప్పుడు ఆ సామానూ పోయి కొలిమి వచ్చింది. బొగ్గులతో నడిచేది కాదు, గ్యాసుతో నడిచేది. ఆటోనగర్ సరుకుతో నేనే కట్టుకున్నాను. "ఎంతైంది? పేలదా? మాకూ ఒకటి చేసిపెట్టవా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ పనిలో మంట తయారు చేసుకోవడమే తేలిక. మొదట్లో నా బుర్రంతా దాని మీదే ఉండేది. తీరా మంట వచ్చాక, కాలిన ఇనుమును కదలకుండా పట్టుకోవడం దగ్గర అసలు కథ మొదలైంది.

బొగ్గుల కొలిమి వద్దనుకోవడానికి కారణం మా పక్కింటివాళ్ళు. వాళ్ళ డాబా మీద ఎండాకాలమంతా వడియాలు, మిరపకాయలు ఆరుతుంటాయి. రాక్షసి బొగ్గు పొగ వాటి మీదకు పంపితే మర్నాడు ముఖం చూపించుకోలేం. నిప్పురవ్వల టెన్షన్ వేరే. పైగా నాకు దొరికేది ఆఫీసుకు బయల్దేరే ముందు ఓ గంట. బొగ్గుల్లో నిప్పు కుదురుకునేసరికే అందులో సగం పోతుంది. గ్యాస్ అయితే వెలిగించిన పది నిమిషాల్లో ఇనుము పెట్టుకోవచ్చు, వాల్వు కట్టేస్తే పని అయిపోయినట్టే.

మొదటి చిక్కు గ్యాస్ దగ్గరే వచ్చింది. విదేశాల వాళ్ళు చేసే వీడియోల్లో అందరూ ప్రొపేన్ అంటారు. మనకు దొరికే ఎల్పీజీ అచ్చమైన ప్రొపేన్ కాదు, ప్రొపేనూ బ్యూటేనూ కలిసినది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల చలిలో కూడా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరకొస్తే మొరాయిస్తుంది. బెజవాడ ఎండల్లో ఈ తేడా మనకెందుకు అనుకుంటాం గానీ, గ్యాస్ గబగబా లాగుతుంటే బండలోని ద్రవం ఆవిరయ్యే క్రమంలో దాని వేడే ఖర్చైపోయి బండ చల్లబడిపోతుంది. 5 కిలోల చిన్న బండతో పని చేసినప్పుడు అరగంట దాటేసరికి దాని చుట్టూ చెమట పట్టేది, ముట్టుకుంటే ఐసులా తగిలేది, మంట నీరసపడేది. 19 కిలోల కమర్షియల్ బండకు మారాక ఆ గోల లేదు. అందులో ద్రవం ఎక్కువ, చుట్టూ గాలి తగిలే చోటూ ఎక్కువ.

వంటింట్లో ఉన్న 14.2 కిలోల ఎర్ర బండ తగిలించేయొచ్చుగా అంటారు చాలామంది. తగిలించకూడదు. అది వంటకని ఇచ్చిన కనెక్షన్, 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు ప్రకారం ఇంకో పనికి వాడటం తప్పు. తప్పు సంగతి అటుంచినా, ఆ బండ మీద పెట్టే రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ కొలిమికి ఏ మూలకూ చాలదు. హోటళ్ళ భట్టీ పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్, మీటరు ఉన్నది చూసి తీసుకున్నాను. గొట్టం కూడా హై ప్రెషర్‌ది, రెండు చివర్లా స్టీలు క్లిప్పులు. కొలిమి పక్కనే చెయ్యి అందేలా ఒక బాల్ వాల్వు, మంట వెనక్కి గొట్టంలోకి పోకుండా ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్. అన్నీ బిగించాక ప్రతి జాయింటు మీదా సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. ఇప్పటికీ బండ మార్చినప్పుడల్లా చూస్తాను. అగ్గిపుల్ల గీసి లీకు చూసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకో దణ్ణం.

గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ పోయి పల్లం ఉన్న చోట నిలుస్తుంది. మా షెడ్డు పక్కన నీళ్ళ సంపు ఉంది. కాబట్టి బండను సంపుకి దూరంగా, కొలిమికి గొట్టం అందినంత దూరంగా, గోడ బయట నిలబెట్టాను. మూడు వైపులా తెరిచిన షెడ్డు అయితేనే ఈ పని మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. గ్యాస్ పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి మొదలయ్యిందంటే అప్పటికే ఆలస్యం. తలుపులు మూసిన గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి చేస్తాను అంటే మాత్రం నన్ను సలహా అడక్కండి.

ఇక కొలిమి డొక్క. ఖాళీ గ్యాస్ బండను కోసి కొలిమి చెయ్యడం బయటి దేశాల్లో మామూలు. మన దగ్గర బండ మనది కాదు, ఆయిల్ కంపెనీది. మనం కట్టింది డిపాజిట్టే. పైగా ఖాళీ అనుకున్న బండలో మిగిలిపోయిన గ్యాసుకి గ్రైండర్ రవ్వ చాలు. ఆటోనగర్ ఇనప సామాను కొట్టులో 8 అంగుళాల వెడల్పున్న పైపు ముక్క, అడుగు పొడవు, తూకానికి దొరికింది. జింకు పూత ఉన్న పైపు అంటగట్టబోతే వద్దన్నాను. జింకు కాలితే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్ళకు సాయంత్రానికి చలిజ్వరం లాంటిది వస్తుంది, వెల్డింగు చేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు.

పైపు లోపల సిరామిక్ ఉన్ని పరిచాను. చూడటానికి దూది పరుపులా ఉంటుంది. 25 మి.మీ. మందం, ఘనపు మీటరుకు 128 కిలోల సాంద్రత, 1260 డిగ్రీల గ్రేడు. కొట్టువాడు "ఏదైనా ఒకటే సార్" అన్నా ఈ మూడు అంకెలూ అడిగి తీసుకోవాలి. రెండు వరసలు పరిస్తే మధ్యలో నాలుగంగుళాల బొరియ మిగిలింది. చిన్న బర్నర్‌కి అది చాలు. బొరియ పెద్దదైన కొద్దీ గ్యాస్ తాగుతుంది తప్ప కొత్తవాడికి ఒరిగేదేమీ లేదు.

ఈ ఉన్నిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. దాని పీచు కంటికి కనపడనంత సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుంది. బాగా కాలిన తర్వాత ఇంకా హానికరంగా మారుతుంది. కోసేటప్పుడు మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా, గ్లవుజులు ఉండాల్సిందే. ఉన్నిని ఉత్తగా వదిలేయకుండా ముందు దాని మీద కొలాయిడల్ సిలికా ద్రావణం చల్లి బిరుసెక్కించాను. ఆరాక పైన వేడికి తట్టుకునే సిమెంటు అర సెంటీమీటరు మందాన మెత్తాను. అడుగున ఫైర్ బ్రిక్ పలక పరిచాను, ఎందుకంటే ఇనుము అతికేటప్పుడు దాని మీద చల్లే వెలిగారం కరిగి, ఆ ద్రవం ఉన్ని మీద పడితే చక్కెర మీద నీళ్ళు పోసినట్టే, కరిగి గుంట పడిపోతుంది. సిమెంటు నీడన రోజుల తరబడి ఆరాలి. తడి ఉండగా పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై పెచ్చులు లేచిపోతుంది. ఆరాక కూడా మొదట సన్నటి మంట పెట్టి, ఆపి, మళ్ళీ పెట్టి, నెమ్మదిగా వేడి పెంచుతూ పోయాను.

బర్నర్ పని చెబితే చిన్నది, చేస్తే పెద్దది. ముప్పావు అంగుళం పైపు, జానెడు పొడవు. దాని వెనక అంగుళం నుంచి ముప్పావుకి దిగే రెడ్యూసర్. రెడ్యూసర్ నోటి మధ్యలో గ్యాస్ చిమ్మే సన్నటి రంధ్రం. ఆ రంధ్రానికి మిగ్ వెల్డింగు టిప్పు వాడాను. 0.8 మి.మీ. వెల్డింగు తీగ దూరే రకం, 6 మి.మీ. (ఎం6) మర. రంధ్రంలోంచి గ్యాస్ వేగంగా దూకుతూ వెనక ఉన్న గాలిని తనతో పాటు లోపలికి లాక్కుపోతుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఒకే ఒక్క షరతు, టిప్పు పైపుకి సరిగ్గా నడిమధ్యన, తిన్నగా గురిపెట్టి ఉండాలి. నూలు వాసి పక్కకు తిరిగినా మంట ఒక పక్కకు ఎర్రగా, ఇంకో పక్కకు నీలంగా వస్తుంది. లేత్ షాపులో టర్నర్ "ఇంత చిన్నదానికి ఇంత గొడవా" అనుకుంటూనే టిప్పును నడిమధ్యన పట్టి ఉంచే బుష్ తిప్పి ఇచ్చాడు. బర్నర్‌ను డొక్క మీద నిటారుగా కాకుండా పక్కకు వాల్చి పెట్టాను. అలా పెడితే మంట నేరుగా ఇనుము మీద పడకుండా లోపల సుడి తిరుగుతుంది.

వెలిగించాక చెవులు పనిచెయ్యాలి. గాలి తక్కువైతే పసుపు నాలుకలు బయటికి బద్ధకంగా వేలాడతాయి, చప్పుడు ఉండదు. గాలి ఎక్కువైతే మంట గీ అని అరుస్తూ పైపు మూతి నుంచి ఎగిరి ఆరిపోబోతుంది. మధ్యలో ఒక చోట గుమ్మని నిండుగా మోగుతుంది, అక్కడ ఆపాలి. వెనకున్న చిన్న రేకు బిళ్ళను ముందుకూ వెనక్కూ జరిపి గాలిని సర్దుకుంటాను. నేను కొంచెం గ్యాస్ ఎక్కువ వైపే ఉంచుతాను. గాలి ఎక్కువైతే ఇనుము పైన పెచ్చులు దండిగా కడతాయి. ప్రెషర్ బాగా తగ్గిస్తే మాత్రం మంట పైపులోకి పాకి టపటపమని పేలుతుంది. మొదటిసారి వింటే గుండె జారుతుంది. వాల్వు కట్టేసి, పైపు చల్లారనిచ్చి మళ్ళీ వెలిగించుకోవడమే. వెలిగించేటప్పుడు కూడా వరస ముఖ్యం. ముందు కాగితం మంట లోపల పెట్టి, తర్వాతే గ్యాస్ తిప్పాలి.

దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ గురించి అందరూ చెప్పే సలహా రైలు పట్టా ముక్క. మంచి ఉక్కే, కాదనను. కానీ అది రైల్వే ఆస్తి. 1966 చట్టం ప్రకారం లెక్కాపత్రం లేని పట్టా ముక్క మన దగ్గర దొరికితే, ఎలా వచ్చిందో మనమే రుజువు చేసుకోవాలి. పాత సామాను కొట్లో ఎవరో "రెండు వేలివ్వండి సార్" అని మూలన గోనె కింద నుంచి తీసి చూపిస్తే బిల్లు అడిగాను. గోనె మళ్ళీ కప్పేశాడు. చివరికి లారీ వెనక యాక్సిల్ ముక్క ఒకటి, రెండడుగుల పొడవు, తీసుకుని తుమ్మ మొద్దులో నిలువుగా దింపాను. కొట్టే మొహం అరచేతి అంతే, కానీ సుత్తి దెబ్బ కింద రెండడుగుల ఉక్కు నిలువునా ఉంటుంది. చూడటానికి దాగలిలా లేదని మా తమ్ముడు వెక్కిరించాడు. పని మాత్రం చేస్తుంది. ఎత్తు, నిలబడి పిడికిలి కిందికి వదిలితే వేళ్ళ కణుపులు తగిలేంత. మొద్దు కింద ఇసక పోశాక గంట మోత తగ్గింది.

సుత్తి కిలో బరువుది. పెద్దది పడితే పెద్ద పని అవుతుందనుకుంటాం, అవదు, భుజం పోతుంది.

మొదట తీసుకున్నది 10 మి.మీ. చదరపు కడ్డీ, మామూలు మెత్తటి ఇనుము, గజం పొడవు. పొడవుగా తీసుకోవడంలో ఒక సుఖం ఉంది. ఒక చివర కాలుతుంటే రెండో చివర చేత్తో పట్టుకోవచ్చు, పట్టకారుతో పనే లేదు. ముదురు ఎరుపు, ఎరుపు, నారింజ. నారింజ పసుపులోకి తిరిగే వేళకు బయటికి తీయాలి. అంటే 1100 డిగ్రీల పైమాట. పసుపు దాటి తెల్లబడి, కాకరపువ్వొత్తి లాగా రవ్వలు చిమ్మిందంటే ఉక్కు కాలిపోయినట్టే, ఆ ముక్క కోసి పారెయ్యాలి. కొలిమి లోపల చూసినప్పుడు ఒక రంగు, బయట ఎండలో ఇంకో రంగు కనపడుతుంది. షెడ్డు నీడగా ఉండాలనేది అందుకే.

కడ్డీకి మొన తీయడం బళ్ళో ఓనమాల్లాంటి పాఠం. మొన గుండ్రంగా రావాలి కదా అని గుండ్రంగా తిప్పుతూ కొడితే లోపల నడిమధ్య ఇనుము చీలిపోతుంది, పైకి కనపడదు. ముందు చదరంగానే సన్నం చెయ్యాలి. ఒక దెబ్బ, పావు చుట్టు తిప్పు, ఇంకో దెబ్బ, వెనక్కి తిప్పు. రెండే రెండు మొహాలు. చదరంగా కావలసినంత సన్నబడ్డాక మూలలు కొట్టి ఎనిమిది పలకలు చెయ్యాలి. ఆ తర్వాతే ఆ ఎనిమిదింటి అంచులు తేలిగ్గా తడుతూ గుండ్రం. దాగలి అంచు అవతల మొన పెట్టి, సుత్తిని కొంచెం వాల్చి కొడితే మొన త్వరగా దిగుతుంది. ప్రతి దెబ్బకూ బూడిదరంగు పెచ్చులు రాలి దాగలి మీద చేరతాయి. వాటిని బ్రష్షుతో తుడవకపోతే తర్వాతి దెబ్బకు అవే ఇనుములో అచ్చు పడతాయి. రంగు మళ్ళీ ముదురు ఎరుపుకు దిగగానే ఆపి కొలిమిలో పెట్టాలి. సుత్తి మోగే తీరు మారుతుంది. వేడి మీద థప్ మంటుంది, చల్లారాక ఠంగ్ మంటుంది. ఠంగ్ మన్న తర్వాత కొట్టే దెబ్బ మోచేతికే.

అలా గోడకు తగిలించే కొక్కేలు చేశాను, చాలానే. మా ఆవిడ వంటింట్లో గరిటెలన్నీ వాటికే వేలాడుతున్నాయి. గజం కడ్డీతో ఉన్నంతసేపు అంతా బాగానే ఉంది. చిన్న ముక్క పట్టుకోవాల్సి వచ్చేసరికి తెలిసొచ్చింది. కొట్లో కొన్న పట్టకారు ముక్కను ఒక అంచు మీదే పట్టుకుంటుంది. దెబ్బ పడగానే ఎర్రటి ముక్క గిర్రున తిరుగుతుంది, లేదా ఎగిరి నేల మీద పడుతుంది. కాళ్ళకు తోలు బూట్లు లేకుండా షెడ్డులో అడుగు పెట్టకూడదనే రూలు అందుకే. బట్టలు కూడా నూలువే, నైలాన్ అంటుకుంటే ఒంటికి కరుచుకుంటుంది.

కంకిపాడు వైపు ఒక ఊళ్ళో ఇప్పటికీ కొలిమి నడుపుతున్న కమ్మరి ఒకాయన ఉన్నారు. కోత మిషన్లు వచ్చాక కొడవళ్ళ పని పడిపోయింది. గొడ్డళ్ళు, పారలు, కొబ్బరికాయల కత్తులు చేస్తారు. తోలు తిత్తి ఎప్పుడో పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది. నా కొలిమి ఫోటోలు చూపిస్తే అద్దాలు పైకి జరుపుకుని చూశారు.

"గాలి ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టక్కర్లేదు బాబాయ్, గ్యాసే గాలిని లాక్కుంటుంది."

"బానే ఉంది. ఏదీ, ఒక ముక్క కొట్టి చూపించు బాబూ."

ఆయన కొలిమి మీదే కొట్టాను. మూడో దెబ్బకే ఆపమన్నారు. "ఇనుము బానే కాల్చావు. నువ్వు సుత్తితో కొడుతున్నావా, పట్టకారుతో కుస్తీ పడుతున్నావా?" అని, వెనక గోడ చూపించారు. గోడ నిండా పట్టకార్లే. పలకలు పట్టేది, గుండ్రాలు పట్టేది, గొడ్డలి కన్నంలోకి దూరేది, వంకర నోటిది. ఏ పనికి ఆ పట్టకారు, అన్నీ ఆయనో ఆయన నాన్నో చేసినవే. పని మారితే నోరు మార్చి కొట్టుకుంటారట. కొన్నది ఒక్కటీ లేదు.

ఆదివారాలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయనకు సమ్మెట కొట్టే మనిషి కావాలి, నాకు నేర్పే మనిషి కావాలి. పట్టకారు చెయ్యడం అక్కడే నేర్చుకున్నాను. మొదట ఆయన చెప్పిందేమిటంటే, రెండు సగాలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండకూడదు, రెండూ అచ్చంగా ఒకేలా ఉండాలి. విన్నప్పుడు నాకు నమ్మకం కుదర్లేదు. ఒక సగాన్ని తిరగేసి రెండో దాని మీద పెట్టి చూపించాక గానీ బుర్రకెక్కలేదు. కుడిదీ ఎడమదీ అని వేరువేరుగా చేస్తే ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

16 మి.మీ. చదరపు కడ్డీ చివర దాగలి అంచు మీద పెట్టి సగం మందానికి దిగగొడితే నోరు. అక్కడి నుంచి పావు చుట్టు, అదీ ఎప్పుడూ ఒకే వైపుకి, తిప్పి మళ్ళీ దిగగొడితే రెండు సగాలనూ కలిపే మేకు పడే చోటు. ఇంకోసారి అదే వైపుకి తిప్పి మూడో అంచు, అక్కడి నుంచి వెనక్కి పిడి సాగుతుంది. పిడి సాగదీయడంలోనే సగం పని ఉంది. రెండు సగాలకూ వేడిగా ఉండగానే కన్నం పొడిచి, 8 మి.మీ. మేకును ఎర్రగా కాల్చి దూర్చి తల కొట్టాలి. కొట్టాక పట్టకారు బిగుసుకుపోతుంది, కదలదు. అప్పుడు కీలు భాగాన్ని మళ్ళీ ఎర్రగా కాల్చి, పిడులు తెరుస్తూ మూస్తూ నీళ్ళలో ముంచాలి. బుసబుసమని ఆవిరి లేస్తుంటే చేతిలోనే కీలు వదులవుతుంది. చివరగా ఏ ముక్క పట్టాలో ఆ ముక్కనే నోట్లో పెట్టి, నోరు ఎర్రగా ఉండగా రెండు పక్కలా కొట్టి దానికి అతికేలా సర్దాలి. నేను చేసినది కొంచెం వంకరగానే ఉంటుంది. కానీ 10 మి.మీ. కడ్డీని పట్టుకుంటే కదలదు. ఇంట్లో పని ఆ రోజు నుంచే ముందుకు సాగింది.

గ్యాస్ కొలిమికి ఒక లోపం ఉంది, అదీ బాబాయే పట్టుకున్నారు. బొగ్గుల్లో కడ్డీని అంగుళం మేర కాల్చుకోవచ్చు. గ్యాసులో డొక్క పొడవునా కాలిపోతుంది. ఒక చోట వంచబోతే ఇంకో చోట వంగుతుంది. మెత్తటి ఇనుమైతే, వంగకూడని చోట డబ్బాతో సన్నగా నీళ్ళు పోసి నల్లబరిచి, అప్పుడు వంచమన్నారు. ఉక్కు మీద ఆ పని చెయ్యకూడదు, పగులుతుంది. వెనక ఒక చిన్న కిటికీ కోసుకున్నాక పొడుగు కడ్డీల మధ్య భాగం కూడా కాల్చుకోగలుగుతున్నాను. దానికి, ముందు నోటికి, ఫైర్ బ్రిక్కులే తలుపులు.

ఉక్కు విషయానికొస్తే, లారీ కమాను పట్టీలు ఆటోనగర్‌లో కావలసినన్ని. మన వైపు వాటిలో తరచూ దొరికేది సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగు ఉక్కు. విరిగిన కమాను కాకుండా వర్క్‌షాపులో మిగిలిన కొత్త ముక్క అడిగి తెచ్చుకున్నాను. ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి, అంతా చేశాక అవి బయటపడతాయి. దాంతో ఒక ఉలి చేశాను. అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర ఇనుమును వదిలేస్తుంది. వదిలేశాక ఇంకొంచెం ఎరుపు ఎక్కనిచ్చి, గోరువెచ్చటి నూనెలో అంచు ముంచాను, కదుపుతూ. మూతున్న ఇనప డబ్బా, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాల్సిందే, ప్లాస్టిక్ బకెట్ మాట తలవకండి. బయటికి తీసి అంచును గరుకు రాయితో తెల్లగా రుద్దితే, పైన మిగిలిన వేడి కిందికి పాకుతూ రంగులు నడుస్తాయి. లేత గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. ఊదా అంచును తాకగానే మొత్తం నూనెలో ముంచేశాను. గడ్డి రంగు దగ్గరే ఆపితే అంచు పెళుసై పెచ్చులూడేది, నీలం దాటితే మెత్తబడేది.

ఈ పని మొదలుపెట్టాక నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు గురించి చెప్పనివాళ్ళు లేరు. అక్కడ మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళని, డమాస్కస్ కత్తులకు అలాంటి ఉక్కే వెళ్ళిందని. నిజమే, వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అది వాళ్ళ చేతి పనితనం. అది విన్నంత మాత్రాన నా సుత్తి తిన్నగా పడదు కదా. ఆ తర్వాత వచ్చే ప్రశ్న "కత్తి ఎప్పుడు చేస్తున్నావు?" వంటింటి కత్తి, కొడవలి ఎవరైనా చేసుకోవచ్చు. ఇంటి పనికో వ్యవసాయానికో కాకుండా కత్తి అలుగు (కోసే రేకు) 9 అంగుళాలు దాటినా, వెడల్పు 2 అంగుళాలు దాటినా ఆయుధాల చట్టం లెక్కలోకి వస్తుంది. రీల్స్ కోసం తల్వార్లు చేసే ఉత్సాహవంతులు ఒకసారి ఆ రూల్సు చదువుకుంటే మంచిది.

ఖర్చు. పైపు, ఉన్ని, సిమెంటు, రెగ్యులేటర్, గొట్టాలు, లేత్ షాపు కూలి, బండ డిపాజిట్ అన్నీ కలిపి పదిహేను వేలు దాటలేదు. కళ్ళద్దాలు, మాస్కు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు అందులో కలపలేదు, వాటి దగ్గర బేరం ఆడకండి. గ్యాస్ గంటకు కిలో లోపే అవుతోంది. కమర్షియల్ బండ ధర తరచూ మారుతుంటుంది కాబట్టి రూపాయల లెక్క చెప్పను. బాబాయ్ మాత్రం ఆ లెక్క వేళ్ళ మీద వేశారు. గొడ్డలి పనికి బొగ్గులే చవక, కొక్కేలు, చిన్న ఉలులు లాంటి వాటికి గ్యాస్ నయం అని తేల్చారు. వెనువెంటనే, తన దగ్గర విరిగిన ఉలులు ఓ డజను ఉన్నాయి, వచ్చే ఆదివారం తీసుకెళ్ళి నీ కొలిమిలో మొనలు తీసి తెమ్మన్నారు. కూలి ఇస్తారా అని అడిగితే, ఆయన ఇన్నాళ్ళూ నాకు నేర్పిన దానికి జీతం ఎంతో చెప్పమన్నారు.

ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే మొదలై ఏడున్నరకి అయిపోవాలి. తర్వాత బెజవాడలో కొలిమి వెలిగించనక్కర్లేదు, షెడ్డే కొలిమి అవుతుంది. ప్రస్తుతానికి ఒక కాలు వైసు (ఇనుమును దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) కోసం వెతుకుతున్నాను, నేలలోకి దిగే రకం, దెబ్బలకు తట్టుకునేది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పాతవి దొరుకుతాయని చెప్పారు. బస్సులో తేవడానికి మాత్రం బరువు.